నలభై తొమ్మిది సెకన్లు

ఇస్త్రీపెట్టె జారి అరచేతికి అంటుకున్నా పిన్ని అరవలేదు. చేయి బకెట్లో ముంచి, రెండో చేత్తో ఇంకో దిండు గలీబు బల్ల మీద పరుచుకుంది. పదకొండు కావస్తోంది. గోడ మీది బోర్డు ప్రకారం ఈపాటికి నూట ఎనభై గలీబులు కావాలి. ఆమెవి నూట ఐదు.

ఆసుపత్రులకీ హోటళ్లకీ బట్టలు ఉతికే లాండ్రీ అది. ఇస్త్రీ గదిలో పద్దెనిమిది బల్లలు, పద్దెనిమిది మంది ఆడవాళ్లు, ఒక్కటే కిటికీ. మొన్నటిదాకా రోజుకి రెండు వందల అరవై గలీబులు చేస్తే కూలి నాలుగు వందల యాభై. సోమవారం నుంచి నాలుగు వందల ఎనభై చేయాలన్నారు. చేయలేకపోతే సగం కూలి. వరసగా మూడు రోజులు చేయలేకపోతే ఇంటికి పొమ్మన్నారు. ఇవాళ బుధవారం.

"ఆ చేత్తో ఏం చేస్తావే, కాసేపు కూర్చో" అంది పక్క బల్ల ఆవిడ.

"కూర్చుంటే బోర్డు ఊరుకుంటుందా వదినా?"

ఈ వదిన కూతురికే ఆమె పిన్ని. చుట్టరికమేమీ లేదు, పక్క బల్ల అంతే. ఆ పిల్ల పుట్టినప్పుడు తల్లి మూడు నెలలు పనిలోకి రాలేకపోతే, ఆమె బల్ల వేరేవాళ్లకి పోకుండా రెండు బల్లల పనీ ఈ పిన్ని ఒక్కతే లాగింది. అలాంటి మనిషిని పిన్ని అనక ఇంకేమంటారు?

సరిగ్గా అప్పుడే ఆ పిల్ల చంకలో ఫైలుతో లోపలికి వచ్చింది. కాలేజీలో ఆఖరి సంవత్సరం. ప్రధాన సబ్జెక్టు, అంటే మేజరు, వృక్షశాస్త్రం. అది ఆమె ఇష్టపడి తీసుకుంది. అదనపు సబ్జెక్టు, అంటే మైనరు, వ్యాపార నిర్వహణ. అది తల్లి పోరు పడలేక తీసుకుంది. "మొక్కలు చదివితే ఎవడు పిలిచి ఉద్యోగం ఇస్తాడే? పక్కన ఆ వ్యాపారం చదువు కూడా పెట్టుకో" అని తల్లి నెల రోజులు చెవిలో ఇల్లు కట్టుకుంది. మైనరుకి ఒక ప్రాజెక్టు చేయాలి. ఏదైనా పనిచోటికి వెళ్లి, ఒక పనికి ఎంత సమయం పడుతుందో కొలిచి, అక్కడి మేనేజరు చేత సంతకం పెట్టించుకోవాలి. మేనేజరు కాళ్లావేళ్లా పడి ఒప్పించింది కూడా తల్లే. నెల కిందట ఒక పూట కూతురు ఆమె బల్ల పక్కనే ఫోను పట్టుకుని నిలబడి కొలిచింది. గలీబుకి నలభై తొమ్మిది సెకన్లు అని రాసి ఒక ప్రతి మేనేజరుకి ఇచ్చింది. ఇవాళ సాయంత్రంలోగా సంతకంతో ఇస్తేనే మైనరు దక్కుతుంది.

ఆ పిల్ల బకెట్లో పిన్ని చేయి చూసింది. బోర్డు చూసింది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఎప్పటి నుంచమ్మా ఇది? ఇంట్లో ఒక్క మాట చెప్పలేదే."

"నీ పరీక్షలు కానీ అని..." తల్లి తల ఎత్తలేదు.

"మామూలుగా నువ్వు గలీబుకి ఎంతసేపు చేస్తావు?"

"ఏమో. నిమిషంన్నర పైనే."

"మరి ఆ రోజు ఎందుకంత వేగంగా చేశావు?"

తల్లి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "నువ్వు చూస్తున్నావు కదే. మా అమ్మ పనిమంతురాలు అనుకుంటావని. ఆ రాత్రి భుజం ఎత్తలేకపోయాను, అయినా సంతోషంగానే ఉంది. ఇందరి నోటి దగ్గర కూడు లాగేస్తానని నాకేం తెలుసు?"

అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. గడ్డిమొక్క ఎత్తు రాయాలన్నా పది రోజులు కొలిచే పిల్ల, అమ్మను ఒక్క పూటే కొలిచింది.

మేనేజరు తన గదిలోంచి నవ్వుతూ వచ్చాడు. ఆడవాళ్లు చాటున అతన్ని గడియారం అంటారు. "రామ్మా. మంచి పని చేశావు. పైవాళ్లు మెచ్చుకున్నారు. నేనింకా దయతలచి గలీబుకి నిమిషం ఇచ్చాను. ఇది సాధారణ వేగమని కింద ఒక ముక్క రాసి సంతకం పెట్టు, నేనూ పెడతాను."

"అది సాధారణ వేగం కాదు సార్. నా లెక్క తప్పు."

"నీ చేత్తో రాసిందేగా?"

"మా అమ్మ ఆ పూట నా కోసం పరుగులు పెట్టింది. రోజూ అలా ఎవరూ చేయలేరు."

అతని నవ్వు పోయింది. "సరే, ఇప్పుడే తేల్చుకుందాం. మళ్లీ కొలువు. మీ అమ్మ నలభై తొమ్మిదిలో చేసిందా, సంతకం తీసుకుని వెళ్లు. చేయలేదా, ఇన్నేళ్లూ కావాలని నెమ్మదిగా చేసి మమ్మల్ని మోసం చేసినట్టే. రేపటి నుంచి ఆమె రానక్కర్లేదు."

గదిలో ఇస్త్రీపెట్టెలన్నీ ఆగాయి. తల్లి అటు కూతురి ఫైలు చూసింది. ఇటు పిన్ని చేయి చూసింది. నలభై తొమ్మిదిలో తను చేయగలదు. ఆ సంగతి అందరికంటే తనకే బాగా తెలుసు.

"నన్ను చూడకు వదినా. పిల్ల చదువు చూసుకో" అంది పిన్ని.

అమ్మాయి కొలవడానికి ఫోను నొక్కింది.

తల్లి గలీబు తీసి ఒకసారి దులిపింది. పరిచింది. నాలుగు మూలలూ చేత్తో సవరించింది. నీళ్లు చిలకరించింది. నలభై సెకన్లు. ఇస్త్రీపెట్టె ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్లీ వెనక్కి నడిపింది. నలభై తొమ్మిది వచ్చింది, పోయింది. గలీబు తిరగేసి అంచు కుట్టు సరిచేసింది.

"సరిగ్గా చూసి రాయి తల్లీ" అంది, తల ఎత్తకుండానే. "నాకేం తొందర లేదు."

ఆఖరి మడత పడేసరికి నిమిషం ముప్పై ఎనిమిది.

"అయిందిగా. ఇక తట్టా బుట్టా సర్దుకో" అన్నాడు మేనేజరు.

అమ్మాయి ఫైలు తెరిచి, పాత అంకె మీద అడ్డంగా గీత గీసి, పక్కన కొత్తది రాసింది. ఆమె కళ్లు ఏకధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఇది ఒకటే సార్" అంది. "సాధారణ వేగం తేలాలంటే ఇంకా పదిహేడు బల్లలు కొలవాలి."

పక్క బల్ల మీద పిన్ని తడిగుడ్డ చుట్టిన చేత్తో గలీబు పరుచుకుంది. మెల్లగా, నాలుగు మూలలూ సవరించుకుంటూ.