ఎదుటి కుర్చీ

మంచాల వరస తుడవడం పూర్తిచేసి పాలిష్ అక్క బీరువాల దగ్గరికి వచ్చింది. చేతిలో పాత బనియను గుడ్డ, పక్కన నూనె సీసా. గుడ్డను చెక్క నారల వెంటే నడిపిస్తుంది తప్ప అడ్డంగా ఒక్క రుద్దూ రుద్దదు. నూనె రెండు చుక్కలే. చెక్క తాగినంత తాగాక మిగిలింది తుడిచేస్తుంది. ఎండ తిరిగే వేళకు కిటికీ తెరలు లాగుతుంది. ఆ దుకాణంలో టేకు సామాను తళతళలాడుతోందంటే అది ఆమె చేతి చలవే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ పాలిష్ అక్కే, ఆమెకన్నా పెద్దవాడైన యజమానికి కూడా.

ఒక్కదానికి మాత్రం ఆ చలవ దక్కలేదు. దుకాణం చివర, స్తంభం పక్కన ఉన్న ఆరు కుర్చీల భోజనాల బల్ల అది. ఎప్పుడైనా మొక్కుబడిగా పొడిగుడ్డ విదిలిస్తుంది, అంతే. వచ్చినవాళ్లు దాని మొహమైనా చూడకుండా మెరిసేవాటి దగ్గరికి పోతారు. ఆమెకు కావలసింది కూడా అదే.

మధ్యాహ్నం యజమాని భోజనానికి ఇంటికి వెళ్లగానే ఆమె తన గిన్నె తెచ్చుకుని ఆ బల్ల దగ్గర కూర్చుంటుంది. ఆమెకు పెళ్లి కాలేదు. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది, ఒక ఇంటివాణ్ణి చేసింది, ఆ ఇంట్లోనే ఏళ్ల తరబడి వండిపెట్టింది. అందరూ తిని లేచాక వంటింటి గట్టు దగ్గర నిలబడి మిగిలింది తినేది. "నువ్వూ కూర్చో అక్కా" అని తమ్ముడు ఒక్కసారి అన్నా కూర్చునేదే. అతను చెడ్డవాడేం కాదు, తోచలేదు, అంతే. మరదలి కంట్లో నలుసయ్యాక గది అద్దెకు తీసుకుని వచ్చేసింది. నిరుడు వానల్లో తమ్ముడు పోయాడు.

ఈ బల్ల దగ్గర ఎదుటి కుర్చీ అతనిది. రోజూ దాన్ని కాస్త వెనక్కి లాగి ఉంచుతుంది. "నీకెప్పుడూ ఆలస్యమే. చల్లారిపోతోంది, కూర్చో" అని కసురుతుంది. ఎవరైనా చూస్తే పిచ్చిదంటారని ఆమెకూ తెలుసు. అయినా రోజు మొత్తంలో ఆమె ఇష్టంగా నోరు విప్పేది ఆ కాసేపే.

ఆ పొద్దున ఒక పెద్దావిడ కొడుకునీ కోడలినీ వెంటబెట్టుకుని భోజనాల బల్ల కొనడానికి వచ్చింది. యజమాని మెరిసే బల్లలన్నీ చూపించాడు. ఆవిడ ఒక్కోదాన్నీ వేలి కణుపుతో తట్టి చూసి పెదవి విరిచింది.

"ఎంత బాగున్నాయో అత్తయ్యా!" అంది కోడలు.

"పాలిష్ బాగుందమ్మా. దాని కింద ఏముందో నాకెలా తెలుస్తుంది?"

తిరిగి తిరిగి ఆవిడ స్తంభం దగ్గరికి వచ్చింది. బీరువా తుడుస్తున్న అక్క చెయ్యి ఆగిపోయింది. ఆవిడ అరచేత్తో దుమ్ము తుడిచింది. ఓ మూల ఎత్తి బరువు చూసింది. కొడుకు చేత కుర్చీని తలకిందులు చేయించి అతుకులు చూసింది. ఎక్కడా పురుగు పట్టే తెల్లచెక్క లేదు, అంతా గట్టి చేవే. వంగి వాసన కూడా చూసింది.

"ఇదీ దాపరికం లేని చెక్కంటే. నాకిదే కావాలి."

"దాని కాలొకటి కదులుతుందమ్మా" అంది అక్క, ఎవరూ అడగకుండానే.

కొడుకు రెండు చేతులా పట్టుకుని ఊపాడు. బల్ల ఉలకలేదు, పలకలేదు. యజమాని ఆమె వైపు వింతగా చూశాడు. మెరవకుండా చేసి దాచుకున్న బల్ల, మెరవనందుకే చెయ్యిజారిపోతోంది. ఎవరిని తిట్టుకోవాలో ఆమెకు తోచలేదు.

"కుర్చీలు అయిదు చాలు. ఉండేది అయిదుగురం, ఇల్లు ఇరుకు" అంది పెద్దావిడ.

"అక్కా, బండి వచ్చేలోపు నూనె పట్టించెయ్. కుర్చీ ఏదో ఒకటి ఆపు" అన్నాడు యజమాని.

మొదటిసారి ఆ బల్లకు నూనె పట్టించింది. కక్ష పెట్టుకోలేదు, బద్ధకించలేదు. గుడ్డ నడిచిన చోటల్లా తేనెరంగు నారలు పైకి తేలాయి. ఇంత అందాన్ని ఇన్నాళ్లూ దుమ్ములో ఉంచానా అని బల్ల మీద జాలేసింది. తన మీదా వేసింది. తర్వాత అయిదు కుర్చీలకూ పట్టించింది.

కోడలు దగ్గరికి వచ్చి, "దీన్నెలా చూసుకోవాలండీ?" అని అడిగింది.

"తడిగుడ్డ పెట్టకమ్మా. వేడి గిన్నె కింద ఏదైనా వెయ్యి. ఎండ నేరుగా పడనివ్వకు." కాస్త ఆగింది. "ఖాళీగా మాత్రం ఉంచకు."

"అంటే?"

"ఏం లేదమ్మా. అందరూ కలిసి కూర్చోండి. వడ్డించేవాళ్లని కూడా కూర్చోబెట్టండి."

కోడలు నవ్వి తలూపింది. చెక్కకు ఇదేం వైద్యమో అనుకుని ఉంటుంది.

బండి వచ్చింది. బల్ల వెళ్లింది. అక్క రోజూ కూర్చునే కుర్చీతో సహా అయిదు కుర్చీలూ వెళ్లాయి. ఏది ఆపాలో ఆమె క్షణం కూడా ఆలోచించలేదు.

యజమాని భోజనానికి బయలుదేరాడు. స్తంభం పక్కన నేల మీద బల్ల కాళ్ల గుర్తులు నాలుగు మిగిలాయి. ఆమె గిన్నె తెచ్చుకుని వాటికి ఇవతల నేల మీదే కూర్చుంది. చాలాసేపు మూత తియ్యలేదు.

"ఇవాళ ముందు నేను తింటాన్రా" అంది చివరికి. "నువ్వు తర్వాత తిందువుగాని."

చుట్టూ దుకాణమంతా మెరుస్తోంది. ఎదుటి కుర్చీ ఒక్కటే, నూనె ఎరగని మొహంతో, కాస్త వెనక్కి లాగినట్టే ఉండి, లేని బల్ల వైపు తిరిగి ఉంది.