గుండె పాఠం

రాహేలు వార్డు నేలను రెండోసారి తడిగుడ్డతో తుడుస్తోంది. ఫినాయిల్‌కి తోలు ఊడిన వేళ్లు, ఎప్పుడూ తడిసే ఉండే కుచ్చిళ్లు, వంగీవంగీ ఒక పక్కకు ఒరిగిన నడుము. తెనాలి నర్సింగ్ హోములో ఆయా. భట్టిప్రోలు నుంచి పాసింజర్లో వస్తుంది, సాయంత్రం పాసింజర్లోనే పోతుంది.

డ్యూటీ దిగాక బండి వచ్చేలోగా ఉన్న కాస్త సమయమే ఆమెది. స్టేషన్ ఎదుట నెట్ సెంటర్లో, ఏదో విదేశీ యూనివర్సిటీ అందరికీ ఊరికే పెట్టిన శరీరశాస్త్రం పాఠాలు చూస్తుంది. ఇంగ్లీషు ఆమెకు అక్షరాల వరకే. రిటైరైన తపాలా గుమాస్తా వెంకటప్పయ్యగారు వీడియో ఆపి ఆపి తెలుగులో చెబుతారు; వాళ్లకు ఆయనే మాస్టారు. టైలరు చంద్రకళ అడ్డుప్రశ్నలు వేస్తుంది. భర్త జార్జి పోయినప్పుడు రాహేలుతో “గుండె ఆగిపోయింది” అన్నారేగానీ, ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు. చెప్పినా దీనికేం అర్థమవుతుందనుకున్నారు.

ఆ రోజు మేనేజరు కౌంటరు దగ్గర ఆపాడు.

“ఏంటి రాహేలూ, పాఠాలంటగా! బాత్రూములు కడిగేదానికి గుండె సంగతులెందుకు? సర్టిఫికెట్టేమన్నా ఇస్తారా?”

“ఇవ్వరండి.”

“మరింకేం? రేపట్నుంచి నీ బండి టైము దాకా ఇక్కడే ఉండు.”

రాహేలు బకెట్ కింద పెట్టింది. “కడిగేదానికీ గుండె ఉంటదండి. డ్యూటీ అయ్యాక నేనుండను.”

“ఉద్యోగం పోతుంది!”

“తీసెయ్యండి. చదువు మాత్రం మానను.”

నెట్ సెంటర్లో చంద్రకళ ఒక్కతే కూర్చుని ఉంది. కళ్లు వాచిపోయాయి.

“అక్కా, మాస్టారు తెల్లారుజామున నిద్రలోనే పోయారు. ఇందాకే తీసుకెళ్లిపోయారు.”

రాహేలు కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

“ఇంక మనకెవరు చెప్తారక్కా? పోదాం పద.”

“ఎక్కడికే? కూర్చో.”

రాహేలు మొదటిసారి తనే మౌస్ పట్టుకుంది. పాఠం ఆగి ఆగి కదిలింది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. వెనక్కి జరిపి మళ్లీ పెట్టింది. మళ్లీ పెట్టింది.

“వాల్వు అంటున్నాడక్కా!” చంద్రకళ ముందుకు వంగింది. “నెత్తురు వెనక్కి రాకుండా మూసుకునే తలుపు. మాస్టారు మొన్న చెప్పలా?”

“అదే. ఆ తలుపు మూసుకోకపోతే ఏమవుద్దో చూద్దాం. ఇంకోసారి విను.”

ముగ్గురూ ఒకేసారి వినేలా వెంకటప్పయ్యగారు అతికించి తెచ్చిన తీగకు మూడు హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి. రెండు వాళ్ల చెవులకున్నాయి. మూడోది ఖాళీ కుర్చీ ముందు బల్లమీద పడి ఉంది; దాంట్లోంచి పాఠం సన్నగా వినబడుతూనే ఉంది.