హన్నా కోసం శుక్రవారం కూటం

బద్వేలు దగ్గరి మిషను ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు రోజెన్, జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన యూదుడు. వెంట పదిహేనేళ్ల కూతురు హన్నా. భార్య తన ముసలి తల్లిని వదిలి రాలేక అక్కడే ఆగిపోయింది. తర్వాత వస్తానంది గానీ, ఇంతలో యుద్ధం మొదలై దారులన్నీ మూసుకుపోయాయి.

హన్నా గది దాటి వచ్చేది కాదు. పలకరిస్తే గోడవైపు తిరిగేది. ఆడపిల్లల బోర్డింగు చూసుకునే కృపమణి, పంపిన అన్నం పంపినట్టే తిరిగి వస్తున్నా మరుపూట మళ్లీ పంపేది.

"బాప్తిస్మం ఇప్పిస్తే మనసు కుదుటపడుతుంది" అంది మిషను దొరసాని.

"ఆ బిడ్డకు దేవుడు లేక కాదమ్మా దిగులు. తోటి పిల్లలు లేక." దొరసానికి ఎదురు చెప్పడం కృపమణికి అదే మొదటిసారి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ సాయంత్రమే డాక్టరును అడిగింది. "మీ ఊర్లో గూడా పాప ఇట్లే ఉండేదా అయ్యా?"

ఆయన వచ్చీరాని తెలుగులో కూడబలుక్కున్నాడు. "లేదు. అక్కడ మా పిల్లలను బడి నుంచి తరిమారు. అప్పుడు మా పెద్దలు పిల్లలకు కూటం పెట్టారు. పాట, ఆట, మాట. వీధిలో భయం ఉండేది. కూటంలో హన్నా నవ్వేది."

ఇల్లు అంటుకున్న వేళ కూడా పిల్లల మనసు సంగతి మరవని ఆ పెద్దలెవరో గానీ, కృపమణి వాళ్లకు మనసులోనే దండం పెట్టుకుంది.

మరుసటి శుక్రవారం పొద్దు వాలేసరికి డాక్టరు ఇంటి వసారాలో పిల్లలు చేరారు. బోర్డింగు పిల్లలతోబాటు ఊళ్లోంచి కృష్ణవేణి కూడా వచ్చింది. కాపుల పిల్ల మిషను పిల్లల సరసన కూర్చోవడమేమిటని ఊరు గొణిగింది. "దిక్కులేని బిడ్డకు తోడు పోతాంటే అడ్డం పడితే పాపం" అని వాళ్లమ్మ నాగలక్ష్మమ్మే అందరి నోళ్లూ మూయించింది.

"ఆ పాపను రమ్మని పిలవొద్దు, ఏమీ అడగొద్దు. మనం ఈడ ఉండామని తెలిస్తే సాలు" అని కృపమణి ముందే చెప్పింది. పిల్లలు కోలాటం వేశారు, పాడారు, పొడుపు కథలు విప్పుకున్నారు. లోపలి తలుపు తెరుచుకోలేదు. నెలలు గడిచినా తెరుచుకోలేదు. వాళ్లు మాత్రం మానలేదు.

ఒక శుక్రవారం ఏసుమణి అనే పిల్ల అమ్మపాట పాడుతూ మధ్యలో ఆగిపోయింది. ఆమె తల్లి కలరాతో పోయి ఇంకా ఏడాది కాలేదు. పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తుంటే తలుపు కిర్రుమంది. హన్నా వచ్చి పక్కన కూర్చుని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఏడుస్తాండావు" అంది. "నేను గూడా శానా ఏడుస్తాండా."

అందరూ నోరు తెరిచారు. ఇన్నాళ్లూ తలుపు వెనక నిలబడి వాళ్ల మాటలన్నీ నేర్చుకుందన్నమాట. కృపమణి కొంగుతో ముఖం కప్పుకుంది.

ఆ తర్వాత కూటంలో ఆటలతోపాటు ఎవరి దిగులు వాళ్లు చెప్పుకోవడమూ మొదలైంది. వాళ్లమ్మ శుక్రవారం సాయంత్రం రెండు దీపాలు పెట్టేదని హన్నా చెబితే, "మా ఇంట్లో గూడా శుక్రవారం దీపం పెడతాం" అంటూ కృష్ణవేణి రెండు ప్రమిదలు తెచ్చింది. హన్నా వెలిగించి కళ్లు మూసుకుని తన భాషలో ప్రార్థన చేసింది. దొరసాని ముఖం ముడుచుకుంది గానీ, ఆ పిల్ల రెండు ముద్దలు తింటుండడం చూసి బాప్తిస్మం మాట మళ్లీ ఎత్తలేదు.

దిగులు ఒక్కసారిగా పోలేదు. కొన్ని శుక్రవారాలు హన్నా మంచం దిగేది కాదు. అప్పుడు పిల్లలు గదిలోకే వెళ్లి, కింద కూర్చుని చింతగింజలాట ఆడుకునేవారు.

యుద్ధం ముగిశాక కబురు వచ్చింది. తల్లీ అమ్మమ్మా ఇద్దరూ లేరు. సావింట్లో పొయ్యి రాజెయ్యకూడదంటూ ఏసుమణి సంగటి తెచ్చింది, నాగలక్ష్మమ్మ పప్పు పంపింది. రోజూ ఎవరో ఒకరు తేవడం, హన్నా పక్కన ఊరికే కూర్చుని పోవడం. "మాలోనూ ఇదే ఆచారం. మీకు ఎవరు చెప్పారు?" అన్నాడు డాక్టరు, కన్నీళ్లతో.

"ఎవరు సెప్పల్ల అయ్యా?" అంది కృపమణి.

మరుసటి ఏడు హన్నా బొంబాయికి బయలుదేరింది. యుద్ధంలో అయినవాళ్లను పోగొట్టుకున్న యూదు పిల్లలను అక్కడి యూదులు ఒక ఇంట్లో చేరదీస్తున్నారు. ఆ పిల్లలకు తోడుగా ఉంటానని తనంతట తానే ఉత్తరం రాసింది.

కడప స్టేషనులో కృపమణి ఆమె తల నిమిరింది. "వాళ్లు తలుపు తియ్యకుంటే ఏం జేస్తావమ్మా?"

"బయట కూర్చుని కోలాటం ఏస్తా పెద్దమ్మా" అంది హన్నా. ఇద్దరూ నవ్వుకున్నారు. రైలు వచ్చింది.