గడ్డి మీద దీపం

మెట్టినింట్లో అమలకు ఇది మొదటి క్రిస్మస్. మొఘల్‌పురాలో మూడు తరాలుగా పాలవ్యాపారం చేస్తున్న హిందువుల ఇల్లు. ఆ గుమ్మానికి నక్షత్రం కట్టనివ్వడమే గొప్ప. మలక్‌పేట పుట్టింట్లో అయితే ఒక నక్షత్రం, ఒక చిన్న చెట్టు, బాలయేసు పుట్టిన పశువుల పాక బొమ్మ, అంతే. ఇక్కడా అవే పెట్టుకుంది. అలంకారంలో కంటికి కాస్త ఖాళీ మిగలాలనేది వాళ్లమ్మ మాట.

అత్త పుష్పమ్మ ఊరుకుంటేనా! కోడలి పండగకు తక్కువ కాకూడదని వినాయక మండపంలో మిగిలిన సీరియల్ బల్బులన్నీ చెట్టుకు చుట్టేసింది. బెలూన్లు కట్టింది. మంచు పడ్డట్టుండాలని పాక మీద దూది పరిచి, లోపల బర్రెల కొట్టంలోని ఎండుగడ్డి దట్టంగా కూరింది. కాదంటే వచ్చే ఏడు నక్షత్రం కూడా కట్టనివ్వదేమోనని అమలకు భయం.

సాయంత్రం పుష్పమ్మ నిండా నూనె పోసిన ప్రమిద వెలిగించి తెచ్చింది. "దేవుని ముంగట దీపం లేకుంటె ఎట్లనే?" అంటూ ఆ గడ్డి మీదే, బాలయేసు పక్కన పెట్టి, పాలు పిండడానికి పోయింది.

అమల పాక దగ్గరికి పరుగెత్తింది. కింద గడ్డి, పైన దూది, మధ్యలో మంట! జరుపుదామంటే అంచుదాకా నూనె, ఒలికిందా అంతే సంగతులు. ఆర్పుదామంటే, సందెదీపాన్ని నోటితో ఊదితే ఇంటికి కీడని అత్త నమ్మకం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అత్తమ్మా అని ఒక్క కేక వేస్తే సరిపోయేది కదా, పిచ్చిపిల్ల!

తలుపు సందులోంచి గాలి కొట్టింది. మంట ఒరిగింది, లేచింది, మళ్లీ ఒరిగింది. గడ్డిపోచ ఒకటి ఎర్రగా మెలితిరిగింది. దాని పక్కది భగ్గుమంది.

"యేసయ్యా!" అంటూ అమల దీపాన్ని ఉఫ్ఫున ఊదేసి, చెంబెడు నీళ్లు గడ్డి మీద కుమ్మరించింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో పుష్పమ్మ, చేతిలో పాల బకెట్.

"నోటితోని ఊదినవా?"

అమల తడిసిన గడ్డిని చూపించింది. "గడ్డి అంటుకుంది అత్తమ్మా..."

పుష్పమ్మ దగ్గరికొచ్చి నల్లబడ్డ గడ్డిని చూసింది. బాలయేసు మట్టిబొమ్మను తీసి కొంగుతో తుడిచింది. "ఇల్లు కాలిపోతుండె గదనే! అంటుకునేదాంక ఏం జూస్కుంట నిలబడ్డవ్? నన్ను పిలవొద్దా?"

"మీరేమంటరోనని."

"అగ్గి కన్న నేనంటెనే ఎక్కువ భయమా నీకు?"

కాదంటే పోయేది. అమలకు అబద్ధం రాలేదు, ఏడుపొచ్చింది. "అవునత్తమ్మా" అంది.

పుష్పమ్మ ఆ బొమ్మను ఒళ్లో పెట్టుకుని తడి నేల మీదే కూలబడింది.