ముప్ఫై రెండు మాటలు పరిచిన సాయంత్రం

గుడ్డల కొట్టులో నాదొక సూత్రం. వచ్చినవాళ్ల ముందు ఎన్ని తాన్లు విప్పితే అంత మంచిది, కుప్పలో ఏదో ఒకటి కంటికి ఆనుతుంది. ఇరవై ఏళ్లుగా తప్పని ఈ లెక్క ఇంగ్లీషుకీ సరిపోతుందనుకున్నాను. నా తెలివికి అదొక మచ్చుతునక.

కొట్టు పై గదిలో మా ఆవిడ సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతుంది. ఆ రోజు ఆమె గొంతు పూర్తిగా పోయింది. తెల్లారితే మా కొట్టులో బట్టలు కుట్టే అమ్మాయికి హోటల్లో ఇంటర్వ్యూ. వచ్చినవాళ్లకు తాళంచెవి ఇచ్చి గది చూపించే ఉద్యోగం. ఇది తప్పితే మళ్లీ ఏడాదిదాకా పిలవరట.

"నేనున్నాగా" అన్నాను. మా ఆవిడ తల అడ్డంగా ఊపింది. గొంతు లేని మనిషితో వాదించి గెలవడం ఎంత సులువో!

పుస్తకం తెరిచి హోటల్ మాటలు పరిచాను. దిండు, దుప్పటి, తువ్వాలు, మెట్లు, లిఫ్టు... "ఇది కాకపోతే ఇది చూడండి" అని కూడా అన్నాను, నోటి అలవాటు. అరగంటలో ముప్ఫై రెండు.

"ఎలా ఉంది?" అన్నాను గర్వంగా.

"సరుకు బాగుంది బాబాయ్. మోసుకెళ్లడానికే సంచి లేదు" అన్నాడు వెనక బెంచీలోంచి, మా ఆవిడ దగ్గర ఇంగ్లీషు నేర్చుకునే తాపీమేస్త్రి.

కుట్టే అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది. "పొద్దున వచ్చిన రెండు ముక్కలు కూడా ఇప్పుడు రావట్లేదు బాబాయ్. రేపు వాళ్ల ముందు బొమ్మలా నిలబడాలా?"

మా ఆవిడ లేచి పుస్తకం మూసింది. నా జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, ఆ అమ్మాయికి ఇమ్మని సైగ చేసింది.

"హియర్ ఈజ్ యువర్ కీ" అన్నాను. ఊపులో ఇంకో నాలుగు రకాలు చూపించబోతే మా ఆవిడ అరచేత్తో నా నోరు మూసింది.

తాళంచెవి చేతులు మారింది. ఇచ్చినవాళ్లంతా అదే మాట. మూడు చుట్లయ్యాక మా ఆవిడ తాళంచెవి తీసేసి ఆ అమ్మాయి చేతిలో తువ్వాలు పెట్టింది. అమ్మాయి దాన్ని నా వైపు చాపింది.

"హియర్ ఈజ్ యువర్... టవల్."

తర్వాత మా ఆవిడ నన్ను బయటికి నెట్టి, కళ్లురిమి చూపించి, కోపిష్టి అతిథిలా లోపలికి రమ్మని సైగ చేసింది. వేషం నాకు బాగానే కుదిరింది. "రూమ్! క్విక్!" అని అరిచాను.

అమ్మాయి బెదరలేదు. "వన్ మినిట్ సర్" అని, పక్కనే ఉన్న నా గుడ్డపీలికల గది తలుపు తీసి, "హియర్ ఈజ్ యువర్ రూమ్" అంది. మేస్త్రి బెంచీ విరిగేలా నవ్వాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి పరుగున వచ్చింది. ఉద్యోగం వచ్చింది, సోమవారమే చేరాలి. మెచ్చుకుంటూనే నసిగాను.

"మరి ఒప్పుకున్న చొక్కాలన్నీ ఎవరు కుడతారమ్మా?"

"మీరే. ఆదివారాలు వచ్చి నేర్పుతాను బాబాయ్. కానీ రోజుకి ఒక్క కుట్టే."

నాలుగు ఆదివారాలయ్యాయి. నేనింకా గుండీల దగ్గరే ఉన్నాను.