వర్ధనమ్మ కుడిచెయ్యి

మంగళవారం పొద్దున సుభాషిణి కుడిచెయ్యి ముసలిదైపోతుంది. మిగతా ఒళ్ళంతా యాభై తొమ్మిదేళ్ళ దగ్గరే ఉంటుంది. చెయ్యి మాత్రం డెబ్బై దాటేసి, సిరా గీతలతో గీసినట్టు, మణికట్టు దగ్గర బొమ్మ వేసినాయన పొట్టి సంతకంతో సహా, దుప్పటి మీద దర్జాగా పడుకుని ఉంటుంది.

సుభాషిణి కంగారుపడదు. పడటానికేముంది? ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు తెలుసు. పద్నాలుగేళ్ళప్పుడు వారపత్రికలో చదివిన సీరియల్లోని వర్ధనమ్మది. వర్ధనమ్మ ముసలావిడ, ఒంటరిది, ఎవరికీ జడవదు. "నా వల్ల కాదు, పోయిరండి" అని కలెక్టరునైనా గుమ్మంలోంచే పంపించేస్తుంది. సుభాషిణి వారం వారం ఆ పేజీలు చింపి దాచుకుని, అన్నీ అయ్యాక బైండు చేయించుకుంది. ముసలిదాన్నయ్యాక నేనూ ఇలాగే ఉంటాను అనుకుంది. అనుకుని, అప్పటిదాకా అందరికీ "సరే" అంటూ వచ్చింది. తెల్లవెంట్రుకల్లాగే ధైర్యం కూడా టైముకి అదే వస్తుందని ఆమె నమ్మకం. పిచ్చిమాలోకం!

ఇవాళే రావటం మరీ మంచిదైంది. పదకొండింటికి పెద్దన్నయ్య రంగధామం వ్యానేసుకుని వస్తున్నాడు. వాళ్ళ కోడలు ఉద్యోగంలో చేరింది. ఇంట్లో కవల మనవలు. వంటకీ పిల్లలకీ మనిషి కావాలి. భర్త పోయి, ఉద్యోగమూ అయిపోయిన చెల్లెలు ఖాళీగానే ఉందిగా! ఈ రెండు గదుల వాటా వదిలేసి వచ్చెయ్యమన్నాడు. ఫోన్లో సుభాషిణి "సరే" అనేసింది. ఆ తర్వాత రెండు రోజులు అన్నం సహించలేదు. ఆమె కోరిక పెద్దదేమీ కాదు, తన ఇంట్లో తను ఉండాలి, అంతే. ఇవాళ కాదనలేకపోతే ఇక ఈ జన్మకి కాదనలేదు.

కూరలబండి గౌరి ఎప్పటిలాగే తూకంలో ఒక పుచ్చు వంకాయ కలుపుతుంది. కుడిచెయ్యి దాన్ని ఏరి తిరిగి బండి మీద పెట్టేస్తుంది.

"అబ్బో! ఏంటమ్మా, ఇవాళ నీ చేతికి కళ్ళొచ్చాయి?" అంటుంది గౌరి.

సుభాషిణి ప్రాణం లేచొస్తుంది. అంతలో ఎడమచెయ్యి కూడా ముసలిదవుతుంది. అదీ సిరాదే, కానీ మసకగా, కాగితానికి అవతలి వైపు నుంచి కనబడుతున్నట్టు ఉంటుంది. అది మెల్లగా వెళ్ళి, ఆ పుచ్చు వంకాయనే తెచ్చి మళ్ళీ సంచిలో వేసుకుంటుంది. ఏడుపేమీ రాకపోయినా కొంగు తీసి కళ్ళు ఒత్తుతుంది.

"ఇదెవరిదమ్మా?" అంటుంది గౌరి.

"తెలీదే," అంటుంది సుభాషిణి.

బైండు చేసిన కాశింగారి షాపు సందు చివర. ఆ సందు ఇవాళ సీరియలంత, అంటే ఇరవై ఎనిమిది వారాల పొడవుంటుంది. ఈ రెండో చెయ్యి ఎవరిదో ఆయన్నే అడగాలని, బైండు పుస్తకం చంకన పెట్టుకుని సుభాషిణి గబగబా నడుస్తుంది. ఒక్కో కరెంటు స్తంభం దగ్గర ఒక్కో వారం అయిపోతుంది. పన్నెండో వారంలో వాన. పంతొమ్మిదో వారంలో ఎవరిదో పెళ్ళి ఊరేగింపు అడ్డమొస్తే ఆగక తప్పదు. షాపు చేరేసరికి టైము పదకొండు కావస్తుంటుంది.

కాశింగారు పుస్తకం అటూ ఇటూ తిప్పి చూస్తారు. "నేను కుట్టిందే. పరికిణీలో వచ్చారప్పుడు మీరు. అమ్మా, ఈ కాగితాలకి వెనకవైపు ఎప్పుడైనా చూశారా?"

చూడలేదు. ఎవరు మాత్రం చూస్తారు? సీరియలు చింపుకునేవాళ్ళకి వెనకవైపుతో ఏం పని?

వెనకవైపు ఇంకో సీరియలు ఉంటుంది. అందులో మంగతాయారు అని ఒక ముసలావిడ. ఇరవై ఎనిమిది వారాలూ ఒక్క మాట మాట్లాడదు. ఎవరేమన్నా కొంగుతో కళ్ళు ఒత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

"మీరు చదివింది ఒకవైపే. పెరగటం మాత్రం రెండువైపులా పెరిగారు," అంటారు కాశింగారు.

"విడదీసెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

"నాసిరకం కాగితమమ్మా ఇది. విడదీస్తే ఇద్దరూ పోతారు. వెనక ఆవిడ ఆనుకుని ఉండబట్టే ముందు ఈవిడ ఇన్నేళ్ళూ చిరక్కుండా నిలబడింది."

ఆ మాట సుభాషిణికి ముల్లులా గుచ్చుకుంటుంది. మంగతాయారు మీద ఉన్న కోపమంతా ఎటో పోతుంది.

"పోనీ, నోరు ఎవరిది వస్తుంది? అదొక్కటి చెప్పండి చాలు."

ఆయన పేజీని వెలుతురుకి ఎత్తుతారు. వర్ధనమ్మ నోటి దగ్గర చిల్లు. తిప్పితే మంగతాయారు నోటి దగ్గరా అదే చిల్లు. "బొమ్మ అంచుదాకా వచ్చేసింది, దబ్బనం సరిగ్గా ఇక్కడే దిగింది. తప్పు నాదే. ఇద్దరికీ నోరు లేదమ్మా."

"మరెలాగండీ?"

"మరేముంది, మీది మీరే తెచ్చుకోవాలి," అని ఆయన జిగురు కలుపుకుంటారు.

తిరిగొచ్చేటప్పుడు సందు నాలుగంటే నాలుగు అడుగులుంటుంది. ఇంటి ముందు వ్యాను ఆగి ఉంటుంది.

"ఎక్కడికెళ్ళావే? టైముకి ఉండొద్దూ!" అంటాడు రంగధామం. మంచివాడే పాపం, అడగటం అనే అలవాటే లేదు. "మంచం సంగతి తర్వాత. ముందు ఆ పెట్టె ఎక్కించు."

ఎడమచెయ్యి పెట్టె అందుకుంటుంది. కుడిచెయ్యి తలుపు గొళ్ళెం పట్టుకుని వదలదు. రెండింటి మధ్యా సుభాషిణి దండెంలా సాగిపోయి నిలబడుతుంది. వర్ధనమ్మ మాట రాదు. మంగతాయారు ఊరుకోవటమూ రాదు. నోరుండాల్సిన చోట దబ్బనమంత సన్నటి చలిగాలి వీస్తుంది. నలభై అయిదేళ్ళు ఆవిడొస్తుందని కూచున్నాను, ఆవిడ రాదు, అనుకుంటుంది. ఆమెకి చచ్చేంత భయమేస్తుంది.

"నేను రాను అన్నయ్యా."

గొంతు బొంగురుగా, చిన్నగా ఉంటుంది. వర్ధనమ్మ అయితే ఎంత బాగా అనేదో!

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. రాను."

"మరి ఫోన్లో సరే అన్నావు కదే?"

"అన్నాను. అన్నది మీ దగ్గరే ఉంది. తిరిగి పంపించెయ్యి."

అందులో న్యాయముందని రంగధామానికీ తోస్తుంది. వ్యాను వెనక తలుపు తీస్తాడు. లోపల మొన్న ఫోన్లో సరే అన్న సుభాషిణి పాలసీసా పట్టుకుని కూర్చుని ఉంటుంది. దిగి, చెప్పులు విడిచి, ఇంట్లోకి నడుస్తుంది. రంగధామం ఒట్టి వ్యానుతో వెళ్ళిపోతాడు.

ఆ వెనకే మిగతా సుభాషిణులు బయల్దేరతారు. సరే అని ఎక్కడెక్కడ ఉండిపోయారో అక్కడినుంచి వస్తారు. కాలేజీ మానేసిన పదిహేడేళ్ళది పిండి చేతులతో వస్తుంది. ఇరవై రెండేళ్ళది పెళ్ళిపీటల మీంచి లేచి, తలంబ్రాలు దులుపుకుంటూ వస్తుంది. ఒకామె చంకన ఆఫీసులో ఇంకెవరివో ఫైళ్ళు. ఒకామె చంకన ఎవరి బిడ్డో. వీధి చాలదు. వరస రైల్వే గేటు దాటిపోతుంది. వాళ్ళు పట్టాలు దాటుతుంటే రైలు ఆగిపోతుంది. డ్రైవరు కిందికి దిగి, వాళ్ళ తడిచేతులకి తువ్వాలు అందిస్తూ ఉంటాడు.

"రండమ్మా, రండి," అని సుభాషిణి పిలుస్తూనే ఉంటుంది. ఏడుస్తూ, నవ్వుతూ ఒక్కొక్కరికీ జరిగి చోటిస్తుంది. గదులు రెండే అయినా అందరూ పడతారు.

అందరికన్నా చివర ఎనభై ఏళ్ళ ముసలావిడ వస్తుంది. ఆ ముఖం ఎవరూ గీసింది కాదు. ఆ నడక ఏ కథలోనూ లేదు. ఎవర్నీ పలకరించకుండా వచ్చి, హమ్మయ్య అని గుమ్మంలో కూలబడుతుంది.

"మీరెవరండీ?" అంటుంది సుభాషిణి.

"నాకే ఇంకా తెలీదే. కాస్త కాళ్ళు చాపుకోనీ."

చాపుతుంది. ఆ కాళ్ళు మెట్లు దిగుతాయి, వీధి దాటుతాయి, ఆగిన రైలు కిందనుంచి అవతలి చేలల్లోకి సాగుతాయి. పాదాలు ఎంతదాకా వెళ్ళాయో చూద్దామని సుభాషిణి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. అవి ఇంకా వెళుతూనే ఉంటాయి.