నిలిచిపోయిన రసం

బోధన్ దాటాక రోడ్డు పక్కనే తుకారాం గానుగ. పొద్దు పొడవగానే చెరుకు ఆడించడం, రసాన్ని పెనంలో పోసి పిప్పితో మంట పెట్టడం, మడ్డి తీయడం. నలభై ఏళ్లుగా అదే పని. భూమి ఎక్కడైనా కదలబోతే ఆ పెనంలో ఉడికే రసం టక్కున నిలిచిపోయేది. కింద మంట ఉన్నా పైన ఒక్క బుడగ లేచేది కాదు. కదలబోయే చోటి కొండలూ వాగులూ నురుగు మీద ముడతలుగా తేలేవి. పనివాళ్లు తెడ్లు పక్కన పెట్టి, బీడీలు ముట్టించుకుని కూర్చునేవాళ్లు. సాయంత్రం వార్తల్లో భూమి కదిలిన ఊరి పేరు వచ్చేది.

ఆ పెనం చూస్తూ పెరిగిన తుకారాం బిడ్డ స్నేహలత భూగర్భశాస్త్రం చదివి, హిమాలయాల్లో ఒక లోయలో పనికి కుదిరింది. కొండ చీలికల్లో పరికరాలు పెట్టి నేల కదలికలు కొలిచే పని. మన కాళ్ల కింద రాయి లేదా, అదేం పాపం చేసిందని తుకారాం మండిపడ్డాడు.

"మన రాయి ఎప్పుడో గట్టిపడ్డ బెల్లం ముద్ద, బాపు. అది ఎట్లయిందో తెల్వాల్నంటే ఉడికే కాడికే పోవాలె."

"ఉడికే కాడ చేతులు కాలుతయి బిడ్డా." మోచేతుల దాకా ఉన్న మచ్చలు చూపించాడు.

"కాలినా నువ్వు మానినవా?"

కన్నవాడి భయం జవాబులతో తీరేది కాదు. చెరుకు సీజను మొదట్లో తుకారాం ఒక తప్పు చేశాడు. రసం నిలిచిందని, నురుగు మీద మీ లోయే తేలిందని ఫోనులో అబద్ధం చెప్పాడు. స్నేహలత శిబిరం మొత్తాన్ని కిందికి దింపింది. నాలుగు రోజులు చూసినా ఏమీ కాలేదు. పైవాళ్ల ముందు తల దించుకుంది.

మాఘంలో ఒక పొద్దున రసం నిజంగానే నిలిచింది. తుకారాం వంగి చూశాడు. బిడ్డ పంపిన ఫొటోలోని లోయే. తూర్పు కొండ అంచు మెల్లగా జారుతోంది. తెడ్డు పడేసి బిడ్డకు ఫోను చేశాడు.

"రసం నిలిచింది. దిగిపొండ్రి."

"మళ్ల మొదలువెట్టినవా బాపు?"

ఇప్పుడు నిజం నమ్మించాలంటే ముందు అబద్ధం ఒప్పుకోవాలి.

"అప్పుడు అబద్ధం చెప్పిన. నిన్ను ఇంటికి రప్పించాల్నని చెప్పిన. ఇయ్యాల నిలిచింది. కోపం తర్వాత చేద్దువు తీ."

"ఏ దిక్కు జారుతున్నది?"

"తూర్పు కొండ. మీ డేరాల మీదికే."

ఆమె ఫోను పెట్టేసింది.

మధ్యాహ్నం దాటినా రసం కదలలేదు. అన్నం తెచ్చిన భార్య ప్రమీలమ్మ అతని ముఖం చూసి, గిన్నె దించి పక్కన కూలబడింది. మూడింటికి ఒక బుడగ లేచింది. ఆ వెంటనే పెనమంతా కుతకుతలాడింది. అంటే అక్కడ అయిపోయింది. ఏమైపోయిందో తెలియక, అడగాలంటే ధైర్యం చాలక ఇద్దరూ కూర్చున్నారు.

పొద్దుగూకే వేళ ఫోను మోగింది. కొండ డేరాలను పూడ్చేసింది. శిబిరంలోని ఇరవై ఇద్దరూ క్షేమంగా వాగు అవతలి గట్టున ఉన్నారు. అబద్ధం గురించి స్నేహలత ఒక్క మాట అనలేదు. నేల ఇంకా కదులుతోందని, రేపే మళ్లీ పైకి పోవాలని చెప్పింది. ఇంటికి రా అన్న మాట తుకారాం నాలుక దాకా వచ్చింది.

"పొయ్యి ఆర్పకు బాపు" అంది ఆమె.

సీజను అయిపోయి చుట్టుపక్కల గానుగలన్నీ మూతపడ్డా తుకారాం మిగిలిన చెరుకు వెతికి తెచ్చి మంట పెడుతూనే ఉన్నాడు. తిండీ నిద్రా పెనం దగ్గరే. బుడగలు లేస్తున్నంతసేపూ ఊపిరి ఆడేది. మంట తగ్గి అవి కాస్త నెమ్మదిస్తే చాలు, పిప్పి ఎగదోస్తూనే నురుగు మీద ఆ లోయ తేలిందేమోనని వంగి చూసేవాడు.